చొక్కా పట్టుకున్నాడంట! - 353 కేసు ఎవరికి పడుతుంది, ఎవరికి పడదు

గత రెండు భాగాల్లో అట్రాసిటీ కేసుకు కౌంటర్ కేసు ఎట్లా పుడుతుందో రాసినా. అది చదివి కర్నూలు, కడప హాస్టళ్ల నుంచి తమ్ముళ్లు, చెల్లెళ్లు అడిగింది ఎక్కువగా ఒకటే ప్రశ్న. "అన్నా, పోలీసోళ్లు పట్టుకోవడానికి వచ్చినప్పుడు ఎందుకు అని అడిగితే డ్యూటీకి అడ్డం వచ్చినావని ఇంకో కేసు పెడతారు కదా, అప్పుడేం చేయాల?" ఈ భాగం దాని గురించే. కొంచెం పొడుగు ఉంటుంది. ఓపికగా చదవండి, ఎందుకంటే ఈ కేసు మన ఊర్లలో ఎవరికి ఎప్పుడు పడుతుందో చెప్పలేం.

ముందు ఒక మాట. మన దగ్గర ఎఫ్ఐఆర్లు చదివే అలవాటున్న వాళ్లకు ఒక వాక్యం బాగా తెలుసు. ఊరు మారుతుంది, స్టేషన్ మారుతుంది, సంవత్సరం మారుతుంది, ఆ వాక్యం మాత్రం మారదు. "విధి నిర్వహణలో ఉన్న నన్ను బూతులు తిట్టి, చొక్కా పట్టుకుని తోసివేసినాడు." నిజంగా చొక్కా పట్టుకున్న వాళ్లు లేరని నేను అనను. కానీ రాయలసీమలో ఇంతమంది మాదిగోళ్లు, మాలోళ్లు, తురకోళ్లు, బోయోళ్లు ఖాకీ చొక్కా చూస్తే చాలు కాలర్ మీదికే పోతారంటే నమ్మేదెట్లా? ఆ వాక్యం అక్కడ ఎందుకుందో తెలియాలంటే చట్టం చూడాల.

2024 జూలై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. నంబర్లు మారినాయి, జనం నోట్లో మాత్రం పాత నంబరే ఉంది. మనకు పనికొచ్చే సెక్షన్లు నాలుగు.

ఒకటి, పాత 186, ఇప్పుడు 221. ప్రభుత్వోద్యోగి పనికి అడ్డం తగలడం. 3 నెలల దాకా జైలు, లేదంటే 2,500 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. బెయిలబుల్.

రెండు, పాత 353, ఇప్పుడు 132. ఉద్యోగిని డ్యూటీ చేయనీయకుండా దాడి చేయడం, లేదా బలప్రయోగం చేయడం. 2 ఏళ్ల దాకా. నాన్ బెయిలబుల్.

మూడు, పాత 332, ఇప్పుడు 121లో మొదటి భాగం. అదే పనిలో గాయం చేయడం. పాత చట్టంలో 3 ఏళ్లు ఉండేది, కొత్త చట్టంలో 5 ఏళ్లకు పెంచినారు. ఎముక విరగడం లాంటి తీవ్ర గాయమైతే రెండో భాగం, 10 ఏళ్ల దాకా.

నాలుగు, పాత 224, 225. ఇప్పుడు 262, 263. మొదటిది తన అరెస్టును తానే ప్రతిఘటించడం, రెండోది ఇంకొకరి అరెస్టును అడ్డుకోవడం. మామూలుగా 2 ఏళ్ల దాకా. అడ్డుకున్నది ఉరిశిక్ష పడే నేరానికి సంబంధించిన అరెస్టయితే 263 కింద 7 ఏళ్ల దాకా పోతుంది.

ఇప్పుడు మొదటి రెండు సెక్షన్లను పక్కపక్కన పెట్టి చూడండి. "అడ్డం తగిలినాడు" అంటే బెయిలబుల్. అంతే కాదు, దానికి ఇంకో తాళం ఉంది. పాత సీఆర్పీసీ 195, ఇప్పుడు బీఎన్ఎస్ఎస్ 215 ప్రకారం, ఈ నేరాన్ని కోర్టు విచారణకు తీసుకోవాలంటే ఆ ఉద్యోగి గానీ, ఆయన పై అధికారి గానీ కోర్టుకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాల. ఉత్త చార్జిషీటు చాలదు. ఉద్యోగుల పేరు చెప్పి జనాన్ని ఊరికే కేసుల్లో ఇరికించకుండా పెట్టిన అడ్డుకట్ట అది. అదే "చొక్కా పట్టుకున్నాడు" అని ఒక్క మాట చేర్చితే 353 అవుతుంది. ఆ తాళం అక్కర్లేదు, బెయిల్ హక్కుగా రాదు. మూడు నెలల నేరానికీ, జైలుకు పంపే నేరానికీ మధ్య ఉండేది ఆ ఒక్క వాక్యం. అది అన్ని ఎఫ్ఐఆర్లలో ఎందుకు కనిపిస్తుందో ఇప్పుడు అర్థమైంది కదా.

మరి మాటలు మాట్లాడితే దాడి అవుతుందా? కాదు. దాడి అంటే ఏందో బీఎన్ఎస్ 130లో రాసినారు, పాత ఐపీసీ 351లో కూడా ఉండేది. ఉత్త మాటలు దాడి కావని ఆ సెక్షన్ కింద వివరణలోనే ఉంది. చేతి సైగకు మాట బలమిస్తే లెక్క వేరు, కానీ మాట ఒక్కటే చాలదు. "నోటీసు చూపించు సార్", "ఏ కేసులో తీసుకుపోతున్నారు", "మా లాయర్‌కు ఫోన్ చేస్తా" అనడం ఏ సెక్షన్‌లోనూ దాడి కాదు.

సోషల్ మీడియాలో రాసే మనకు ఇంకో కేసు గుర్తుండాల. బెంగళూరు ట్రాఫిక్ పోలీసుల ఫేస్‌బుక్ పేజీలో, ఒక ఇన్‌స్పెక్టర్ తమతో కఠినంగా ప్రవర్తించినాడని భార్యాభర్తలు కామెంట్ పెట్టినారు. దానికి 353 పెట్టినారు! ఫేస్‌బుక్ కామెంట్ చొక్కా ఎట్లా పట్టుకుంటుందో మరి. 2015 జనవరిలో సుప్రీంకోర్టు మాణిక్ తనేజా కేసులో ఆ ఎఫ్ఐఆర్‌ను కొట్టేసింది. 2025 జనవరిలో బి.ఎన్. జాన్ కేసులో కూడా, దాడి గానీ బలప్రయోగం గానీ జరిగినట్టు ఎఫ్ఐఆర్‌లోనే లేనప్పుడు 353 నిలబడదని చెప్పింది.

అంటే పుస్తకంలో చట్టం మరీ అంత చెడ్డదేం కాదు. చిక్కంతా ఆ పుస్తకం స్టేషన్‌కు, స్టేషన్ నుంచి మన గేరికి వచ్చే దారిలో ఉంది.

దీనికి నాకు బాగా గుర్తున్న సాక్ష్యం డాక్టర్ సుధాకర్. దళితుడు, నర్సీపట్నం ఏరియా ఆసుపత్రిలో మత్తు డాక్టర్. 2020 ఏప్రిల్‌లో కరోనా డ్యూటీ చేసే వాళ్లకు ఎన్-95 మాస్కులు ఇవ్వడం లేదని బయటికి చెప్పినాడు, సస్పెండ్ చేసినారు. మే 16న విశాఖ రోడ్డు మీద చొక్కా లేకుండా, చేతులు వెనక్కి కట్టేసి, ఆటోలో పడేసి తీసుకుపోయిన వీడియో రాష్ట్రమంతా చూసింది. పోలీసులు చెప్పిందేంది? తాగి గొడవ చేసినాడు, కానిస్టేబుల్ ఫోన్ లాక్కుని విసిరేసినాడు. పెట్టిన సెక్షన్లలో మొదటిది ఏది? 353. స్టేషన్ నుంచి ఆసుపత్రికి, అక్కడి నుంచి మానసిక వైద్యశాలకు పంపినారు. హైకోర్టు జోక్యం చేసుకుని, మేజిస్ట్రేట్‌తో వాంగ్మూలం తీయించి, మే 22న సీబీఐకి ఇచ్చింది. సరిగ్గా ఏడాదికి, 2021 మే 21న ఆయన గుండెపోటుతో చనిపోయినాడు.

చేతులు కట్టేసినది ఎవరికి, దాడి కేసు పడింది ఎవరి మీద? ఎంబీబీఎస్ పైన ఇంకో డిగ్రీ చదివి, ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్న మనిషికే ఇది జరిగితే, కోసిగి నుంచి సుగ్గికి పోయే కూలీకి ఏం జరుగుతుందో ఊహించండి. ఆయనకు వీడియో తీసేవాళ్లు దొరికినారు. మన గేరిలో రాత్రి 2 గంటలకు జీపు వస్తే తీసేవాళ్లు ఎవరు?

ఇది మన ఒక్కరి కథ కాదు. 2015 జూలై 10న అమెరికాలోని టెక్సాస్‌లో సాండ్రా బ్లాండ్ అనే 28 ఏళ్ల నల్లజాతి అమ్మాయిని, లేన్ మారేటప్పుడు సిగ్నల్ వేయలేదని ఆపినారు. కారులో సిగరెట్ ఆర్పమంటే ఎందుకని అడిగింది. చివరికి పెట్టిన కేసు ఏంది? ప్రభుత్వోద్యోగి మీద దాడి. మూడు రోజులకు జైలు గదిలో శవమై కనిపించింది. అక్కడ రంగు, ఇక్కడ కులం. "ఎందుకు" అనే ప్రశ్న కొందరి నోట్లో నుంచి వస్తే హక్కు, కొందరి నోట్లో నుంచి వస్తే తిరుగుబాటు.

ఇప్పుడు మన సీమకే వద్దాం. అరెస్టుకు అడ్డం తగలడం అంటే ఏందో పెద్ద స్థాయిలో చూసింది కర్నూలే. 2019 మార్చి 15న పులివెందులలో వివేకానందరెడ్డి హత్య జరిగింది. ఆ కేసులో సీబీఐ నిందితుడిగా పేర్కొన్న కడప ఎంపీ అవినాష్ రెడ్డి, 2023 మే నెలలో తల్లి చికిత్స కోసం కర్నూలులోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఉన్నాడు. మే 22న సీబీఐ బృందం కర్నూలుకు వచ్చింది, ఎస్పీని కలిసింది. ఆసుపత్రి బయట అనుచరులు గుంపులుగా మోహరించినారు. టీవీ వాళ్ల మీద దాడి జరిగిందని వార్తలు వచ్చినాయి. శాంతిభద్రతల మాట పైకి వచ్చింది. ఆ రోజు అరెస్టు జరగలేదు. మే 31న తెలంగాణ హైకోర్టు ఆయనకు ముందస్తు బెయిల్ ఇచ్చింది.

ఆయన తప్పు చేసినాడా లేదా అనేది కోర్టు తేల్చాల, నేను కాదు. ఆరోపణలను ఆయన ఖండిస్తున్నాడు. ముందస్తు బెయిల్ అడగడం ఆయన హక్కు, ఆ హక్కు నాకూ మీకూ కూడా ఉంది. నా ప్రశ్న వేరే. దేశంలో పెద్ద దర్యాప్తు సంస్థ హత్య కేసులో ఊర్లోకి వచ్చి నిలబడినప్పుడు, శాంతిభద్రతలు చెడతాయేమోనని అందరూ ఆలోచించినారు. మన గేరిలో పాతికేళ్ల పిల్లోడిని ఎత్తుకుపోయేటప్పుడు అమ్మ జీపుకు అడ్డం నిలబడితే, ఆ ఆలోచన ఎందుకు రాదు? ఆమెకు పడేది నాన్ బెయిలబుల్. గుంపు పెద్దదై, ఆ గుంపు వెనక కులం పెద్దదైతే, దానికి పేరు "ఉద్రిక్తత". ఒక్క మనిషి, ఆ మనిషికి కులబలం లేకపోతే, దానికి పేరు "విధులకు ఆటంకం". సెక్షన్ ఒకటే. అది తగిలే మెడ వేరు.

ఈ తేడా నిన్న మొన్న పుట్టింది కాదు. బ్రిటిష్ వాళ్లు 1871లో తెచ్చి, 1911 నాటికి మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా పాకించిన నేరస్థ తెగల చట్టం, కొన్ని కులాల్లో పుట్టడమే నేరమన్నది. 1952లో అది రద్దయింది. కానీ పుట్టుకను బట్టి అనుమానించే చూపును ఏ గెజిట్ రద్దు చేస్తుంది?

అంబేద్కర్‌కు ఇది తెలుసు. జీవించే హక్కు గురించిన అధికరణలో "చట్టం నిర్దేశించిన పద్ధతి" అని ఊరుకుంటే ఆ పద్ధతి పేరుతో ఏదైనా చేస్తారని రాజ్యాంగ సభలో విమర్శ వచ్చింది. 1949 సెప్టెంబర్‌లో ఆ లోటు కొంతైనా పూడ్చడానికి ఆయనే ఒక కొత్త అధికరణ ప్రతిపాదించినాడు. అదే ఇప్పటి 22వ అధికరణ. అరెస్టు ఎందుకో చెప్పాల, లాయర్‌ను కలవనీయాల, 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టాల. విగ్రహానికి దండ వేసే ప్రతి తమ్ముడూ ఈ మూడు ముక్కలు నోటికి నేర్చుకోవాల.

ఇక అందరూ అడిగే గట్టి ప్రశ్న. అరెస్టే అక్రమం అయితే, తిరగబడే హక్కు లేదా?

262, 263 సెక్షన్లలో "చట్టబద్ధమైన" అరెస్టు అనే మాట ఉంది. అంటే అరెస్టు చట్టబద్ధం కాకపోతే ఆ నేరం నిలబడదు. బాగుంది. కానీ దాని పక్కనే ఇంకో సెక్షన్ కూర్చుని ఉంది. పాత 99, ఇప్పుడు 37. ఉద్యోగి సదుద్దేశంతో, తన హోదాలో పని చేస్తున్నప్పుడు, ఆ పని చట్ట ప్రకారం పూర్తిగా సరైంది కాకపోయినా, దాని మీద ఆత్మరక్షణ హక్కు ఉండదు. ప్రాణం పోతుందనో, తీవ్ర గాయమవుతుందనో సహేతుకమైన భయం ఉంటేనే ఆ హక్కు బతుకుతుంది. వచ్చినవాడు పోలీసు అని నీకు తెలియకపోతే, తెలిసే అవకాశం కూడా లేకపోతే, అప్పుడు కూడా ఉంటుంది. మఫ్టీలో వచ్చి, పేరు చెప్పకుండా, నంబర్ లేని బండిలో ఎక్కించేటప్పుడు ఈ ముక్క పనికొస్తుంది.

కాబట్టి నా అభిప్రాయం సూటిగా చెప్తున్నా. నోటితో ప్రతిఘటించు, చేతితో వద్దు. ఇది పిరికితనం చెప్పడం కాదు. రోడ్డు మీద ఆ నిమిషంలో సదుద్దేశం ఉందా లేదా అని తేల్చే జడ్జి ఉండడు, లాఠీ ఉంటుంది. మన యుద్ధం కోర్టులో గెలిచేది, దాన్ని రోడ్డు మీద ఓడిపోవద్దు. నువ్వు చేయి ఎత్తిన మరుక్షణం అసలు కేసు పక్కకు పోతుంది. భూమి గొడవ పోతుంది, శ్మశానం దారి పోతుంది, కొట్టినోళ్ల మీద అట్రాసిటీ పోతుంది. మిగిలేది నీ 353 ఒక్కటే.

కొందరు మిత్రులు అంటారు, "పోలీసులూ మనుషులే కదన్నా, కానిస్టేబుళ్లలో మన పిల్లోళ్లు ఎంతమంది లేరు?" నిజమే. ఫ్యాక్షన్ ఊర్లలో బందోబస్తుకు పోయి దెబ్బలు తిన్న కానిస్టేబుళ్లలో మనోళ్లు ఉన్నారు. వాళ్లకు 121 రక్షణ ఉండాల్సిందే, నాకు అభ్యంతరం లేదు. అబద్ధపు 353ల వల్ల నిజంగా దెబ్బ తిన్న ఆ కానిస్టేబుల్ కేసు కూడా పలుచబడుతుంది. కోర్టుకు ప్రతి చొక్కా ఒకే రకంగా కనిపిస్తుంది.

ఇప్పుడు పని మాటలు. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

1. ముందు అడగాల్సింది నోటీసు. 7 ఏళ్ల లోపు శిక్ష ఉన్న నేరాలకు అరెస్టు ఆటోమేటిక్ కాదని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పాత 41ఏ నోటీసు ఇప్పుడు బీఎన్ఎస్ఎస్ 35(3). 221, 132, 262, 121 మొదటి భాగం, అన్నీ దీని కిందికే వస్తాయి. నాన్ బెయిలబుల్ అంటే తప్పకుండా అరెస్టు చేయాలని కాదు. నోటీసు ఇస్తే తీసుకోండి, తేదీకి పోండి. పోకపోతే అరెస్టుకు మీరే కారణం ఇచ్చినట్టు.

2. అరెస్టు చేస్తే, చేసే అధికారికి పేరు స్పష్టంగా కనిపించే బ్యాడ్జి ఉండాల. మెమో రాయాల. దాని మీద కుటుంబ సభ్యుడో, ఆ ప్రాంతంలోని గౌరవనీయుడో సాక్షి సంతకం ఉండాల. బీఎన్ఎస్ఎస్ 36. టైం సరిగ్గా వేసినారా చూడండి. తప్పు టైం ఉంటే సంతకం పక్కన సరైన టైం రాయండి.

3. కారణాలు రాతలో అడగండి. 2025 నవంబర్‌లో మిహిర్ రాజేష్ షా కేసులో సుప్రీంకోర్టు, ఏ నేరమైనా సరే అరెస్టు కారణాలు నిందితుడికి అర్థమయ్యే భాషలో రాసి ఇవ్వాలని చెప్పింది. వెంటనే వీలుకాని పరిస్థితి ఉంటే, రిమాండ్‌కు కనీసం 2 గంటల ముందన్నా ఇవ్వాల. మనకు అర్థమయ్యే భాష తెలుగు.

4. ఆడవాళ్లను పొద్దు గూకినాక, పొద్దు పొడవక ముందు అరెస్టు చేయకూడదు. తప్పనిసరి పరిస్థితుల్లో చేయాలంటే మహిళా అధికారి, మేజిస్ట్రేట్ ముందస్తు అనుమతి ఉండాల. బీఎన్ఎస్ఎస్ 43. జీపుకు అడ్డం నిలబడిన అమ్మలకు ఇది చెప్పండి.

5. దెబ్బలుంటే డాక్టర్ ముందు నోరు తెరవండి. మెడికల్ రిపోర్టు కాపీ నిందితుడికి కూడా ఇవ్వాల. బీఎన్ఎస్ఎస్ 53. ఆ తర్వాత మేజిస్ట్రేట్ "ఏమైనా చెప్పాలా" అన్నప్పుడు "ఏం లేదు సార్" అనొద్దు. బయట పోలీసు చెప్పి పంపినది మర్చిపోండి. చొక్కా ఎత్తి చూపించండి. ఆ ఒక్క నిమిషం కోసమే 22వ అధికరణ ఉంది.

6. సీసీటీవీ. 2020 డిసెంబర్ 2న పరంవీర్ సింగ్ సైనీ కేసులో స్టేషన్ల కెమెరాల ఫుటేజీ 18 నెలలు దాచాలని సుప్రీంకోర్టు చెప్పింది. వారం లోపే లాయర్‌తో రాతపూర్వకంగా అడిగించండి.

7. ఎఫ్ఐఆర్ వచ్చినాక నాలుగు టైంలు పక్కపక్కన రాయండి. సంఘటన టైం, ఎఫ్ఐఆర్ టైం, అరెస్టు మెమో టైం, కానిస్టేబుల్ గాయం సర్టిఫికెట్ టైం. అబద్ధం ఎక్కువగా ఈ నాలుగింటి మధ్య సందులోనే దొరుకుతుంది.

8. లాయర్‌కు డబ్బు లేదనొద్దు. 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు, ఆడవాళ్లకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఉచితం. జిల్లా కోర్టులోనే ఆఫీసు ఉంటుంది. ఫోన్ 15100.

విద్యార్థులకు ప్రత్యేకంగా ఒకటి. గ్రూప్స్‌కు, కానిస్టేబుల్ పోస్టులకు చదివే వాళ్లు కేసు ఉంటే అటెస్టేషన్ ఫారంలో దాచకండి. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, అడిగిన సమాచారం నిజంగా చెప్పాలన్నది. చిన్న కేసును క్షమించే వీలు యజమానికి ఉంది, దాచడమే ఉద్యోగం పోవడానికి కారణం అవుతుంది. ఉత్త మాటలకే 353 పెట్టి ఉంటే, చార్జిషీటు కోసం ఏళ్లు కాచుకోకుండా హైకోర్టులో కొట్టివేత పిటిషన్ వేయండి. బీఎన్ఎస్ఎస్ 528.

ఇంకో మాట మర్చిపోవద్దు. దళితుల మీద కావాలని అబద్ధపు క్రిమినల్ కేసు నడిపించడం కూడా అట్రాసిటీనే. ఎస్సీ, ఎస్టీ చట్టం 3(1)(పి). ఉద్యోగి చేయాల్సిన పని చేయకపోతే సెక్షన్ 4. కానీ ఆ ఉద్యోగి ఎస్సీ, ఎస్టీ అయితే ఇవి వర్తించవు. అందుకే ఎవరు చేయించినారు, ఎవరి మేలు కోసం అని వెతకాల. 353 వెనక ఎక్కువసార్లు ఒక భూస్వామో, ఒక నాయకుడో నిలబడి ఉంటాడు. కానిస్టేబుల్ చొక్కా ముందుంటుంది, అంతే.

మనం అడగాల్సినవి మూడు. 132, 121 కేసుల్లో ఫిర్యాదుదారుడూ, సాక్షులూ, దర్యాప్తు అధికారీ ఒకే స్టేషన్ వాళ్లు అయితే దర్యాప్తు ఇంకో స్టేషన్‌కు ఇవ్వాల. సోదాలకు, జప్తులకు కొత్త చట్టం వీడియో తప్పనిసరి చేసింది, అరెస్టుకు ఎందుకు చేయలేదు? చేయాల. మూడు, ఈ సెక్షన్ల కింద ఏ కులం వాళ్ల మీద ఎన్ని కేసులు పెట్టినారు, ఎన్ని నిలబడినాయి అనే లెక్క ప్రతి జిల్లా ఎస్పీ ఏటా బయటపెట్టాల. కర్నూలు, నంద్యాల, కడప నుంచే మొదలుపెట్టమందాం. ఆర్టీఐ దరఖాస్తు 10 రూపాయలు. లా చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఒక్కో స్టేషన్ పంచుకోండి. నేను నమూనా రాసి పెడతా.

ప్రశ్న అడగడం దాడి కాదు. అడిగినవాడి కులం చూసి దాన్ని దాడిగా మార్చడమే దాడి. వచ్చే భాగంలో బైండోవర్ గురించి, రౌడీషీట్ గురించి రాస్తా. అప్పటిదాకా మీ ఊర్లో ఇట్లాంటి ఎఫ్ఐఆర్ ఉంటే, పేర్లు కొట్టేసి నాకు పంపండి. ఆ వాక్యం ఎన్నిసార్లు వస్తుందో లెక్క పెడదాం.

జై భీమ్.